సైగాన్ మామ్మగారి ఫో

నిన్న బిర్యానీకి మూకుడులో అనాసపువ్వు వేయిస్తుంటే, ఆ వాసన నన్ను చెయ్యి పట్టుకుని యానాం తీసుకుపోయింది. స్టవ్ ఆపేసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. రోజమ్మగారి పెంకుటిల్లు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టుంది. ఆవిడ ఫొటో ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉండే ఉంటుంది. ఆవిడ వంటింటి వాసనకి మాత్రం ఫొటో లేదు. దాన్ని గుర్తుపట్టగల ముక్కు, నాకు తెలిసినంతలో, ఇక నాదొక్కటే. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

ఎదుర్లంక వంతెన ఇంకా కట్టని రోజులవి. గోదావరిని పంటు మీద దాటేవాళ్ళం. మా పక్కింటి రోజమ్మగారి నాన్న ఫ్రెంచివాళ్ళ కాలంలో సైగాన్‌లో గుమాస్తాగా పనిచేసి, అక్కడి వియత్నాం అమ్మాయినే పెళ్ళి చేసుకున్నారట. తరవాత కూతుర్ని తీసుకుని ఆయన యానాం తిరిగొచ్చేశారు. తల్లి మాత్రం మంచాన పడ్డ తన పెద్దవాళ్ళని వదిలి రాలేక అక్కడే ఉండిపోయి, అక్కడే కన్నుమూసింది. మా వీధంతా రోజమ్మగారిని సైగాన్ మామ్మ అనేవారు. ఇక నేను పదో తరగతితో బడి మానేసినదాన్ని. నిజం చెప్పాలంటే, మానేసిన దగ్గర్నుంచే చదవడం మొదలుపెట్టాను. మధ్యాహ్నాలు శాఖా గ్రంథాలయంలో ఏ బీరువా తాళం తీసి ఉంటే ఆ బీరువా చదివేదాన్ని.

ఒకరోజు పొద్దున్న గోడ దాటి ఒక వాసన వచ్చింది. పొగలో తడిసిన సుగంధద్రవ్యాల కొట్టులా ఉంది. నేను గోడమీంచి తొంగిచూసి, "ఏం వండుతున్నారండి మామ్మగారూ?" అని అడిగాను. ఆవిడ తలెత్తకుండానే "ఫో" అన్నారు. నేను మొహం మాడ్చుకుని ఇంట్లోకి వచ్చేశాను. సంగతి విని మా అమ్మ కొంగు దోపుకుని వాళ్ళ గేటు దగ్గరికి వెళ్ళింది.

"మా దేవి ఏం చేసిందండి? పలకరిస్తే పో అన్నారంట."

మామ్మగారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "పొమ్మనలేదమ్మా. వంట పేరే అది. ఫో."

"ఇదేం పేరండీ? చుట్టాలొచ్చినప్పుడు అలా అంటే ఇంకేమైనా ఉందా?"

"అందుకేనేమో, మా ఇంటికి చుట్టాలెవరూ రారు."

ఆ రోజు వాళ్ళమ్మ పోయిన రోజట. మన తద్దినంలాగే, ఏటా ఆ రోజు తల్లికి ఇష్టమైన ఫో వండి, ఫొటో ముందు పెడతారట. అది పెద్దమాంసంతో చేసేదని తెలిసి అమ్మ గేటు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. మాట మాత్రం ఆపలేదు.

మర్నాడే నేను గ్రంథాలయంలో లావుపాటి పుస్తకం ఒకటి తిరగేసి, వియత్నాం భాషలో ఒకే మాటని రకరకాలుగా పలికితే రకరకాల అర్థాలు వస్తాయని కనిపెట్టాను. ఆ విజయంతో పరిగెత్తుకొచ్చి చెబితే మామ్మగారు, "అంత లావు పుస్తకం మోసింది దీనికా? మా అమ్మ ఒక్క కేకలో చెప్పేసేది" అన్నారు. అని, ఆ మాట ఎలా పలకాలో నేర్పించారు. గొంతు కాస్త కిందికి దిగి పైకి లేవాలి. "అడుగుతున్నట్టు అను దేవీ. అన్నం తింటావా అని అడగమూ, అలాగ." నేను ఏటిగట్టు మీద నడుస్తూ గాలిని అడుగుతుండేదాన్ని. ఫో?

మరుసటి ఏడు మామ్మగారికి విషజ్వరం వచ్చి తగ్గింది. తగ్గుతూ వాసనని తీసుకుపోయింది. అగరొత్తి వెలిగించి, వెలిగిందో లేదో కళ్ళతో చూసుకునేవారు. తల్లి రోజు దగ్గరపడేకొద్దీ ఆవిడకి నిద్ర లేదు.

"మా అమ్మకి చూపు ఆనేది కాదే. వాసన పట్టుకునే వస్తుంది. సముద్రం దాటి రావాలి కదా. వాసన తేడాగా ఉంటే ఎవరింటికి పోతుందో ఏమో." నా వైపు తిరిగారు. "నీ నోరు నాకొద్దు. నీ ముక్కు ఇవ్వు చాలు."

ఇంట్లో అడిగాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది. "వాసన చూస్తే ఏం కాదులే. వచ్చాక తలమీద నీళ్ళు పోసుకో."

ఆ పొద్దున గోదావరి మీద మంచు ఇంకా విడలేదు. మామ్మగారు ఎముకల్ని ఒక పొంగు రానిచ్చి, ఆ నీళ్ళు పారబోసి, కడిగి, మళ్ళీ మంచినీళ్ళలో వేశారు. "తెర్లకూడదు. నిద్రపోయేవాళ్ళ ఊపిరిలా కదలాలంతే" అంటూ, పైకి తేలిన నురుగు తీస్తూ కూర్చున్నారు. రసం టీనీళ్ళలా తేటగా వచ్చింది. అందులో కాల్చిన ఉల్లిపాయలు, అల్లం, అనాసపువ్వు, దాల్చినచెక్క వేశారు. ఉప్పులో ఊరిన నెత్తళ్ళ రసం కొంచెం పోశారు. ఇంకోపక్క గిన్నె మూతికి గుడ్డ వాసెన కట్టి, దానిమీద బియ్యప్పిండి జారుగా పోసి, ఆవిరికి ఉడికిన రేకుల్ని సన్నటి పట్టీలుగా కోశారు. ఆ ఆవిర్లలో ఆవిడ ఒకసారి కనపడుతూ ఒకసారి మాయమవుతూ ఉన్నారు.

"ఎలా ఉంది?"

"బాగుందండి."

"బాగుందా అని కాదే. అదేనా?"

కళ్ళు మూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. అది మాత్రం లేదు. "కాదండి" అన్నాను. ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నానికల్లా గిన్నె ఫొటో ముందుండాలి.

నేను మా పెరట్లోకి వెళ్ళి, కిందటేడు ఆ వాసన నన్ను పట్టుకున్నచోటే గోడకి ఆనుకుని నిలబడ్డాను. లేనిదేమిటో అక్కడ తెలిసింది. పొగ.

"మామ్మగారూ, కిందటేడు ఉల్లిపాయలు దేనిమీద కాల్చారండి?"

"కుంపట్లో, కొబ్బరిచిప్పల నిప్పు మీద. ఇప్పుడు గ్యాసు వచ్చింది కదాని..." ఆవిడ మాట మధ్యలోనే లేచారు. అప్పటికే కుంపటి వెతుకుతున్నారు.

ఉల్లిపాయలూ అల్లమూ పైన నల్లగా మాడేదాకా కాల్చి, మాడిన పొట్టు తీసి రసంలో వేశాం. మెల్లగా, ఎవరో గుమ్మంలోకి వచ్చినట్టు, ఆ వాసన వచ్చింది. "అదేనండి" అన్నాను.

నా పుస్తకాల బుద్ధి ఊరుకోదు కదా. "సైగాన్‌లో మీ అమ్మగారు కూడా కొబ్బరిచిప్పలే కాల్చేవారా అండి?" అని అడిగాను. అడిగాక నాలిక కరుచుకున్నాను.

"లేదు. బొగ్గులు." మామ్మగారు కుంపట్లో నిప్పు ఎగదోశారు. తరవాత అన్నారు, "ఇన్నేళ్ళూ ఈ వాసనకే వచ్చింది. ఈ దారే అలవాటైపోయుంటుంది."

గిన్నెలో పట్టీలు పరిచి, పైన కాగితంలా కోసిన మాంసం పేర్చి, మరిగే రసం పోసి ఫొటో ముందు పెట్టారు. ఆవిరికి ఫొటో అద్దం మసకబారింది. తల్లి మొహం చెరిగిపోయి, మళ్ళీ నెమ్మదిగా తేరుకుంది. మామ్మగారు వంగి, గొంతు దించి, పైకి లేపి అడిగారు. "ఫో?"

నా పెళ్ళయి కాకినాడకి బయల్దేరిన రోజున కూడా ఆవిడ గుమ్మంలో నిలబడ్డారు. మా వైపు, వెళ్ళేవాళ్ళని ఎవరూ పో అనరు, వెళ్ళిరా అంటారు. మామ్మగారు నా మొహంలోకి చూసి "ఫో?" అన్నారు. మా అత్తవారు నిర్ఘాంతపోయారు. అమ్మ పకపకా నవ్వేసింది. నాకు ఏడుపొచ్చింది. "వెళ్ళొస్తానండి" అన్నాను. మళ్ళీ వెళ్ళేసరికి ఆవిడ లేరు.

పుస్తకం చదవడం కాదు, పుస్తకం మూసి కళ్ళు మూసుకుని వాసన పట్టడం నాకు నేర్పింది ఆవిడే. గ్రంథాలయం మూసే వేళయినా నాకోసం లైటు ఆపకుండా కూర్చున్న గ్రంథపాలకులు సుబ్బారావుగారికి, వాసన వరకూ సెలవిచ్చిన మా అమ్మ వెంకటరత్నానికి, రోజమ్మగారికి, ఆవిడ ఒకే ఒక్కసారి పేరు చెప్పిన వాళ్ళమ్మ లాన్‌గారికి నా నమస్కారాలు.

ఏటా మామ్మగారు పోయిన రోజున నేను మా ఫ్లాటు బాల్కనీలో కుంపటి పెట్టి, కొబ్బరిచిప్పల మీద ఉల్లిపాయలూ అల్లమూ కాలుస్తాను. అనాసపువ్వూ దాల్చినచెక్కా వేసి నీళ్ళు కాస్తాను. మా ఇంట్లో ఎముకలు ఉడకవు. తినడానికి ఆ గిన్నెలో ఏమీ ఉండదు, వాసనే. పై అంతస్తు ఆవిడ వంగి చూసి, "ఏంటండి దేవిగారూ ఆ పొగ?" అని అడుగుతారు.

"చుట్టాలొస్తున్నారండి" అంటాను.