కళ్ళు మూసుకుని విన్న జవాబు

నారాయణగూడ చౌరస్తా దగ్గర నాకు ఒకప్పుడు రేడియో రిపేరు దుకాణం ఉండేది. బాగుచేసిన సెట్టును గిరాకీకి ఇచ్చే ముందు మిగతా వాళ్ళు పాటలు పెట్టి చూసుకునేవారు. నేను వార్తలు పెట్టేవాణ్ణి. పాటలో గరగర వాయిద్యాల చాటున దాక్కుంటుంది. ఒక్క మనిషి మాట్లాడుతుంటే దానికి దాక్కునే చోటుండదు. కళ్ళు మూసుకుని, సెట్టుకు చెవి ఆనించి వినేవాణ్ణి. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. మిగిలినదంతా ఆ వార్తల్లోనూ, చిక్కడపల్లి లైబ్రరీలో పేపర్ల బల్ల దగ్గరా చదువుకున్నాను.

కాబట్టి ఢిల్లీలో ఎవరొచ్చారో, ఎవరు పోయారో నాకు మొహాల కన్నా గొంతులతోనే ఎక్కువ గుర్తు. బియ్యం దొరకనప్పుడు, కిరోసిన్ డబ్బాలు వరసలో పెట్టి జనం పక్కన గోడనీడన కూలబడినప్పుడు, రైలు బోల్తాపడినప్పుడు, ప్రతిసారీ అదే మాట విన్నాను: పరిస్థితిని గమనిస్తున్నాం, తగిన చర్యలు తీసుకుంటున్నాం. పార్టీలు మారాయి. టోపీలు పోయి కండువాలొచ్చాయి. ఆ మాటను మాత్రం పాత మంత్రి కుర్చీతో పాటు కొత్త మంత్రికి అప్పజెబుతారేమో! తప్పు జరిగినందుకు కాదు నా బాధ. ఆ తప్పు వల్ల ఎవరు నష్టపోయారో వాళ్ళ మొహం చూసి ఒక్కడూ మాట్లాడడు. టీవీలో ఆ మాట వినబడగానే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది, నాలుగు తిడతాను. అప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి, "ఇగో, మీ పార్లమెంటు అయిపోయిందా? అయితే జర పచ్చిమిరపకాయలు పట్టుకరాండ్రి" అంటుంది.

మా ఇల్లు అశోక్‌నగర్‌లో. పై గదిని సర్కారు పరీక్షలకు చదివే ఆడపిల్లలకు కిరాయికి ఇస్తాం. అందులో మహబూబాబాద్ దిక్కు పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి చాలాకాలం ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం కోసం పరీక్ష రాయబోతే, సరిగ్గా ఆ రోజే, ప్రశ్నపత్రం ముందే బయటికి పొక్కిందని రద్దు చేశారు. మంత్రిగారు టీవీలో కనబడి, ఎక్కడో ఒకటి రెండు చోట్ల జరిగిన పొరపాటును కొందరు పెద్దది చేస్తున్నారని సెలవిచ్చారు. మళ్ళీ పరీక్ష పెట్టేసరికి దాదాపు ఏడాది గడిచింది. ఆ పిల్ల పట్టు విడవకుండా చదివి గట్టెక్కింది. ఢిల్లీలో ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. ఇది తప్పితే ఆమెకు వయసు దాటిపోతుంది, ఇంకోసారి రాసే వీల్లేదు.

మా గల్లీల్లో ఒక అలవాటుంది. ఇంటర్వ్యూ పిలుపొస్తే కోచింగ్ సెంటర్లోనే కాదు, ఇంటి ఓనరు ముందు, టీ కొట్టాయన ముందు, దొరికిన ప్రతి పెద్దమనిషి ముందు కూర్చుని జవాబులు చెప్పి చూసుకుంటారు. అలా ఒక పొద్దున ఆమె కిందికొచ్చి మా హాల్లో కుర్చీ వేసుకుంది. నేను బోర్డు చైర్మన్‌ని. చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా ఆవిడ మెంబరు. నేను అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాను.

ఊరి గురించి, చదువు గురించి అడిగితే చక్కగా చెప్పింది. అప్పుడు, ఆమె భయపడుతున్న ప్రశ్నే వేశాను.

"పోయినసారి ఈ పరీక్ష రద్దయింది. ప్రభుత్వం వ్యవహరించిన తీరు సరైనదేనా?"

"సర్, విషయం దృష్టికి రాగానే ప్రభుత్వం వెంటనే స్పందించింది. అభ్యర్థుల ప్రయోజనాలను కాపాడేందుకు తగిన చర్యలు తీసుకుంది."

నా చెవిలో గరగరమంది. అది ఆ పిల్ల గొంతు కాదు.

"ఎవరు నేర్పిన్రు నీకిది?"

"కోచింగ్‌ల, తాతా. సర్కారును తిట్టద్దు, పొగడద్దు, నడుమ ఉండాలె అన్నరు."

"ఇది నడుమనా? వాళ్ళు నీ ఏడాది మింగిన్రు. నువ్వేమో వాళ్ళకు దండం పెడుతున్నవ్!"

ఆమెకు కోపం వచ్చింది. "మీదేం పోతది తాతా? మీరు టీవీని తిడితే టీవీ ఏం జేస్తది? నేను పోయి వాళ్ళ ముందట కూసోవాలె. మీ లెక్క మాట్లాడితే బయటికి తోవ చూపిస్తరు. మళ్ళ రాయనీకె నాకు వయసు యాడిది?"

"గట్ల అడుగు బిడ్డా, ఎవరూ అడుగుతలేరు ఈయనను" అంది మెంబరు, చిక్కుడుకాయల మీంచి తల ఎత్తకుండానే.

నిజమే, ఇన్నేళ్ళ నా కోపంతో నాకు పోయిందేమీ లేదు. చైర్మన్ హోదా పక్కనబెట్టి అడిగాను. "సరే, సర్కారు సంగతి ఇడిసిపెట్టు. ఆ రోజు ఏమైందో చెప్పు. ఇంటికొచ్చి దుప్పటి కప్పుకొని పండుకున్నవ్ తప్ప మాకేం చెప్పలే."

మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకున్న చప్పుడైంది.

"అంబర్‌పేట్ల పడ్డది సెంటరు. టైమైనా గేటు తియ్యలే. ఎండల నిలబడ్డం. నా పక్కన ఒక అక్క చంటిపిల్లను ఎత్తుకొనొచ్చింది. లోపట ఆఫీసర్లు తిరుగుడు గేటు సందుల్లకెళ్ళి కనబడుతనే ఉంది. ఒక్కలన్న ఇవతలికి రాలే. రద్దయిందని మాకు ఫోన్లల్ల తెలిసింది, తాతా. వాళ్ళేమో ఎనక గేటుకెళ్ళి పోయిన్రు." ఆగింది. "నేనే ఆ ఆఫీసరునైతే గేటు కాడికొచ్చి చెప్తుంటి. తిడితే పడుతుంటి."

ఎక్కడా గరగర లేదు. కళ్ళు తెరిచాను.

"ఇదే చెప్పు."

"ఇది జవాబు అయితదా?"

"తిట్టలే, పొగడలే. నడుమ అంటే గిదే" అన్నాను. మా ఆవిడ ఒలవడం ఆపేసి ఆ పిల్లనే చూస్తోంది.

ఢిల్లీ నుంచి వచ్చాక ఆమె బ్యాగు భుజాన ఉండగానే మా గడపలో నిలబడి చెప్పింది. "అడిగిన్రు తాతా! గేటు ముచ్చటే చెప్పిన. మరి పైనుంచి ఆర్డరు రాకపోతే ఏం చేస్తవు అన్నడు ఒకాయన. ఇంకా రాలేదన్న సంగతే గేటు కాడికొచ్చి చెప్తనన్న."

"ఏమన్నరు?"

"ఏమనలే. ఆయన జర మంచినీళ్ళు తాగిండు."

ఉద్యోగం వచ్చింది. ఫలితాలు వచ్చిన రోజు మా ఆవిడ ఆమెను పట్టుకుని ఏడ్చేసింది. టీవీలో వేరే మంత్రి, వేరే గొడవ గురించి పాత మాటే చెబుతున్నాడు. ఆ రోజు తిట్టలేదు, టీవీ కట్టేశాను.

ట్రైనింగుకు వెళ్ళే ముందు ఆమె నా కాళ్ళకు దండం పెట్టబోతే ఆపి అన్నాను. "సంతోషం బిడ్డా. కొన్నేండ్లయినంక ఒకసారి ఫోన్ చెయ్యి. వీడియో గీడియో వద్దు, ఉత్త ఫోనే. నీ గొంతు వింట."

"ఎందుకు తాతా?"

"గరగర వచ్చిందా లేదా చూడనీకె."

నవ్వింది. "అప్పటిదాక మీరుండాలె గద!"

"ఉంట. ఇంతమంది మంత్రులను విన్న, నిన్ను వినకుంట యాడికి పోత?"