కమాండరు గంటలు

కెప్టెన్ గారు పోయారని మొన్న ఉదయం మా ఆపరేషన్స్ గదిలో గుమాస్తా ఫోన్ పెట్టేసి చెప్పాడు. హైదరాబాదు నుంచి ఆయన భార్య చేశారట. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నేను అలాగా అన్నాను. ఇంధనం కాగితం మీద సంతకం పెట్టి, హెలికాప్టర్ చుట్టూ తిరిగి చూసుకుని, ఎడారిలోని ఆయిల్ క్యాంపుకు వెళ్లి వచ్చాను. మస్కట్ శివార్లలోని అల్ మవాలేలో ఇంటికి చేరాక మా ఆవిడకు చెబితే, పొయ్యి ఆపేసి అక్కడే కూర్చుండిపోయింది. నేను అన్నం పెట్టుకుని తిన్నాను. ఇది రాస్తున్నప్పుడూ ఏడుపు రావడం లేదు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. వైమానిక దళంలో ఏళ్ల తరబడి హెలికాప్టర్లు నడిపి, ఎనభైల చివర్లో ఒమన్ వచ్చిన మనిషి. దళంలో ఆయన కనిపిస్తే సెల్యూట్ కొట్టేవారు. ఇక్కడ సివిల్ లైసెన్సు లేదు కాబట్టి మళ్లీ మొదటినుంచీ చదువుకున్నారు. సైన్యంలో ఎగిరిన గంటలు లెక్కలోకి వస్తాయి గాని, వాటిని చూపించినంత మాత్రాన లైసెన్సు చేతికివ్వరు. చట్టం, వాతావరణం మీద పరీక్షలు రాయాలి, డాక్టర్ల ముందు నిలబడాలి, పరీక్షించేవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎగరాలి. తన కొడుకంత వాళ్ల పక్కన కో-పైలట్‌గా కూర్చుని ఆయన అవన్నీ దాటారు. దాన్ని అవమానమని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

ఇంజన్ ఆగాక టీ ముట్టుకోకుండా ముందు లాగ్‌బుక్ రాసేవారు. రేపు రాద్దామనుకుంటే మనసు కొంచెం కలిపి రాయిస్తుందనేవారు. ఒకసారి ఏదో పత్రికలో, హెలికాప్టర్‌లా నిలువునా లేచి, రెక్కల చివరి ఇంజన్లను ముందుకు వంచుకుని విమానంలా పోయే కొత్త యంత్రం బొమ్మ చూపించారు. మా లాగ్‌బుక్కుల్లో విమానానికో గడి, హెలికాప్టర్‌కో గడి. ఒకదాని గంటలు రెండోదానికి పెద్దగా పనికిరావు. ఇది నడిపేవాడు ఏ గడిలో రాసుకుంటాడో పాపం అని రోజంతా నవ్వుకున్నారు.

నేను తొంభైల మొదట్లో సైన్యం వదిలి ఆయన పక్కన కో-పైలట్‌గా చేరాను. కెప్టెన్‌ని కావాలంటే కమాండరుగా, అంటే ఫ్లైటు బాధ్యతంతా నాదిగా, ఎగిరిన గంటలు ఇంకొన్ని కావాలి. కెప్టెన్‌నైతేనే కంపెనీ ఫ్యామిలీ వీసా ఇస్తుంది. మా ఆవిడ కాకినాడలో పురుటికి దగ్గరవుతోంది. కంపెనీకీ కెప్టెన్లు చాలడం లేదు. అందుకని మేనేజరే దారి చూపించాడు. జరిగిపోయిన ఫ్లైట్లు కొన్నింటిని, నేను కెప్టెన్ పర్యవేక్షణలో కమాండరుగా నడిపినట్టు మార్చి రాసుకుంటే, కెప్టెన్ గారు సంతకం పెడితే చాలన్నాడు.

ఆయన పెట్టలేదు.

"ఆ దినాలు నడిపింది నువ్వే తమ్మీ, కాదంటలేను. కానీ పోవాల్నా, తిరగాల్నా అన్నది నేను చెప్పిన. గంటలు చేతులవి కావు, నిర్ణయం ఎవలదో వాళ్లయి."

రెండు రోజులు ఆయనతో పనికి మించి మాట్లాడలేదు. మూడో రోజు హెలికాప్టర్ ఎక్కేసరికి ఆయన ఎడమ సీట్లో, నా చోట, కూర్చుని ఉన్నారు. కెప్టెన్ కూర్చునే కుడి సీటు ఖాళీగా ఉంది. ఇకనుంచి నిర్ణయాలు నీవి, ప్రాణం మీదికి వస్తే తప్ప నోరు తెరవనన్నారు. మేనేజరుకూ చెప్పి ఒప్పించారట.

అలా ఎగురుతుండగా సూర్ పట్నం అవతల కట్టడం జరుగుతున్న ఒక సైట్ నుంచి కబురు వచ్చింది. పరంజా మీదినుంచి పడి ఒక కార్మికుడికి తొడ విరిగింది. జగిత్యాల వైపు మనిషి. అతన్నీ ఒక నర్సునూ ఎక్కించుకుని మస్కట్ ఆసుపత్రికి బయల్దేరాం. సగం దారిలో ముందంతా దుమ్ము లేచింది. నేల ఎక్కడో, ఆకాశం ఎక్కడో తెలియడం లేదు. వెనక మనిషి మూలుగుతున్నాడు. తోసుకుని పోతే త్వరగా చేరతాం, లేదా కొండను కొడతాం. ఎడమ పక్కకు చూశాను. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని ముందుకే చూస్తున్నారు. చెమట మాత్రం చెవి వెనకనుంచి కారుతోంది.

కనిపిస్తున్నంతలో చదునైన చోటు చూసి దింపేశాను.

"గీడెందుకు దింపిన్రు సారూ? నన్ను ఇడ్సిపెట్టి పోతరా?" అన్నాడు ఆ మనిషి.

కెప్టెన్ గారు వెనక్కి వెళ్లి అతని తల పక్కన కూర్చున్నారు. "ఎవ్వలం పోతలేం. గాలి తగ్గినంక అందరం కల్సే పోదాం." తర్వాత అతని ఊళ్లో వరి ఎట్లా ఉందో, పిల్లలెందరో అడుగుతూ, నర్సు చెప్పినప్పుడల్లా పెదవులు తడుపుతూ ఉండిపోయారు. దుమ్ము తగ్గేదాకా నాతో ఒక్క మాటైనా అనలేదు. దింపడం తప్పా ఒప్పా అన్నది కూడా.

మేం చేరేసరికి మేనేజరు ఆసుపత్రి హెలిప్యాడ్ దగ్గరే ఉన్నాడు. రోగిని పెట్టుకుని ఎడారిలో ఎందుకు కూర్చున్నావని కెప్టెన్ గారి మీద విరుచుకుపడ్డాడు. ఆయన హెల్మెట్ తీసి, నావైపు చూపించి మెల్లగా అన్నారు.

"ఈ ఫ్లైటుకు కమాండరు అతను. అడిగేదేదో అతన్ని అడగండి."

నేను చెప్పాను. మేనేజరు విని తన కారు వైపు నడిచాడు. ఆ సాయంత్రం నా లాగ్‌బుక్కులో కమాండరు గడి పక్కన ఆయన సంతకం పెట్టారు. ఆ మనిషి కాలు అతుక్కుంది. కాస్త కుంటుతూనే ఊరికి వెళ్లాడు. కొన్నాళ్లకు నేను కెప్టెన్‌నయ్యాను. మా ఆవిడ పాపనెత్తుకుని వచ్చింది. ఆ పాపకు బాల్కనీలోంచి హెలికాప్టర్ చప్పుడు విని ఏ రకమో చెప్పడం నేర్పింది ఆయనే.

ఆ తర్వాత ఒక ఏడు వైద్యపరీక్షలో ఆయన గుండె చప్పుడు డాక్టర్లకు నచ్చలేదు. లైసెన్సు తిరిగి ఇవ్వలేదు. "ఎగిరినన్ని దినాలు ఎగిరిన తమ్మీ" అన్నారు, అంతే. సామాను సర్దడానికి వెళితే చేయనివ్వలేదు.

సీబ్ విమానాశ్రయంలో ఆయన్ని సాగనంపాను. డ్యూటీ పాసు ఉంది కాబట్టి విమానం దగ్గరదాకా వెళ్లగలిగాను. చేతిలో సంచితో, అందరితోపాటు మెట్లు ఎక్కుతున్నారు. సగంలో ఆగారు. వెనకవాళ్లు కూడా ఆగిపోయారు. ఆయన తల తిప్పి, ఎగిరే ముందు మేం ప్రతిసారీ చూసుకునే, రన్‌వే పక్క స్తంభానికి కట్టిన గుడ్డ గొట్టం గాలికి ఎటు నిండుతోందో కాసేపు చూశారు. తర్వాత తల వంచి లోపలికి వెళ్లారు.