గొలుసు ప్రార్థనలో ఆ నలభై నిమిషాలు

మా విశ్వాసంలో ఒట్టు పెట్టుకోకూడదు. అందుకని పెట్టను. కానీ ఇది జరిగింది. నాకే జరిగింది. ముసలిది కునుకు తీసి కల కన్నదని మీరనుకుంటే నేనేం చేయలేను. మా అమ్మాయి సునీత ఇప్పటికీ అదే అంటుంది.

కలైతే చెప్పుల సంగతి అంత గుర్తుండదు కదా... ఆ చెప్పుల దగ్గరికి వస్తాను. ముందు మొదటినుంచి చెప్పనివ్వండి.

అప్పటికి నేను ఆక్లాండ్ దక్షిణాన ఉన్న పాపకూర అనే ఊరికి వచ్చి రెండేళ్ళు. సునీత రెస్ట్ హోమ్‌లో, అంటే వృద్ధాశ్రమంలో, నర్సు. నాలుగేళ్ళ మనవరాలిని చూసుకోవడానికి నన్ను పిలిపించుకుంది. మాది తెనాలి దగ్గర. చిన్నప్పుడు బడి ముఖం చూడలేదు. బైబిల్ వాక్యం చదువుకోవాలనే ఆశతో యాభై దాటాక అక్షరాలు దిద్దాను. తెలుగు చదవగలను, వేలు పెట్టుకుని. ఇంగ్లీషు రాదు.

అక్కడ మా తెలుగు సంఘం చిన్నది. పాత చెక్క హాలు ఒకటి అద్దెకు తీసుకుని ఆదివారాలు కూడుకునేవాళ్ళం. మా పాస్టర్ గారు పగలు టాక్సీ నడిపేవారు. ఒక ఆదివారం ఆయన ప్రసంగం మధ్యలో ఆగిపోయారు. ముందు రాత్రి ఎవరినో హోటల్ దగ్గర దింపారట. తలెత్తి చూస్తే అది ఒకప్పటి చర్చి. కిటికీల రంగు అద్దాలు అలాగే ఉన్నాయట. ప్రసంగం చెప్పిన చోట బీరు పోస్తున్నారమ్మా అని కళ్ళు తుడుచుకున్నారు.

ఆ రోజే గొలుసు ప్రార్థన మొదలుపెట్టాలని తీర్మానించాం. ఈ దేశం కోసం. నలభై రోజులు, రాత్రీ పగలూ, ఒక్క నిమిషం కూడా తెగకుండా. లోకంలో అందరికంటే ముందు తెల్లారేది ఈ దేశంలోనే, ఇక్కడ ఉజ్జీవం రగిలితే పొద్దుతో పాటు లోకమంతా చుట్టి వస్తుందని పాస్టర్ గారు అన్నారు. నాకు ఒళ్ళు పులకరించింది. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఇరవై నాలుగు మందిమి, మనిషికో గంట. తెగితే మళ్ళీ మొదటి రోజు నుంచి. పగటి గంటలు, సాయంత్రాలు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళలో చాలామంది తీసేసుకున్నారు. రాత్రి రెండు నుంచి మూడు నాకు వచ్చింది. హాలు మా ఇంటికి మలుపు తిరిగితే ఉంటుంది, నడిచి వెళ్ళవచ్చు. పైగా... నాకూ ఒక గంట ఇచ్చారంటే ఎంత సంతోషమో మీకు తెలియదు. ఇంగ్లీషు చదువులు చదివినవాళ్ళ మధ్య నన్నూ ఒక మనిషిగా లెక్కలోకి తీసుకున్నారు.

గొలుసు తెగకుండా మాకొక పద్ధతి ఉండేది. ప్రార్థించే మనిషి తలుపుకు వీపు పెట్టి, చాప మీద మోకరించి, కళ్ళు మూసుకుని ఉంటుంది. తరువాతి మనిషి చప్పుడు చేయకుండా వచ్చి భుజం మీద చెయ్యి వేయాలి. చెయ్యి పడగానే మనం ఆమేన్ అని లేచి, తల దించుకుని బయటికి వెళ్ళిపోవాలి. పలకరింపులు లేవు. ముఖాలు చూసుకోవడం కూడా లేదు. గడియారం అసలు చూడకూడదు. చెయ్యే గడియారం.

పగలు ఇంకో పని. శనివారాలు వీధులు పంచుకుని ఇంటింటికీ కరపత్రాలు వేసేవాళ్ళం. ఏ వీధి ఎవరిదో ఆ ఇళ్ళ నంబర్లు వాళ్ళకు కాగితం మీద రాసిచ్చేవారు. పత్రం వేసిన ఇంటికి టిక్కు పెట్టాలి. రాత్రి తన గంటలో ఆ కాగితం ముందు పెట్టుకుని, ఒక్కో నంబరుకూ ప్రార్థించాలి.

నా వీధిలో పదిహేడో నంబరు ఇల్లు... అక్కడే నేను తప్పు చేశాను.

ఆ ఇంటి వరండాలో చక్రాల కుర్చీలో ఒక మావోరి ముసలామె కూర్చుని ఉంది. మావోరీలంటే ఆ నేల మీద అందరికంటే ముందునుంచీ ఉన్నవాళ్ళు. ఒళ్ళంతా గళ్ళ దుప్పటి. నన్ను చూసి చెయ్యెత్తి ఏదో అంది. రమ్మందో, పొమ్మందో. నాకు భాష రాదు. నా కూడా వచ్చిన మా సంఘం పిల్ల అప్పటికే వీధి మూల తిరిగిపోయింది. సిగ్గు వేసింది. భయమూ వేసింది. తల వంచుకుని, పత్రం వేయకుండానే నడిచిపోయాను. వెనక నుంచి ఆమె ఇంకోసారి పిలిచింది. తిరిగి చూడలేదు.

కాగితం మీద మాత్రం పదిహేడుకు టిక్కు పెట్టాను.

ఇరవై మూడో రాత్రి. జులై నెల, అక్కడ నడి చలికాలం. వాన. రెండుకు ఐదు నిమిషాల ముందే హాలుకు వెళ్ళాను. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, నా ముందున్న సిస్టర్ భుజం మీద చెయ్యి వేశాను. ఆమె లేచి వెళ్ళింది. ఆమె కారు చప్పుడు దూరమైంది.

ఇక నేనొక్కదాన్నే.

రేకుల కప్పు మీద వాన. మూలన హీటరు టిక్కు... టిక్కు... మని కాగుతోంది. కప్పు మీద పోసమ్ గీరుకుంటూ పరుగెత్తింది. పోసమ్ అంటే పిల్లికీ ఎలుకకూ మధ్యన ఉండే జంతువు, మనిషి గురక పెట్టినట్టు అరుస్తుంది. అది నాకు అలవాటే. భయం లేదు.

ఒక్కో నంబరూ చూసుకుని, కళ్ళు మూసుకుని, ఆ ఇంటి కోసం అడుగుతున్నాను. పదకొండు... పదమూడు... పదిహేను...

పదిహేడు.

నోరు ఆగిపోయింది. ఏమని అడగను? పత్రం వేయని ఇంటికి టిక్కు పెట్టి దేవుడి ముందు మోకరించాను. వేలు ఆ అంకె మీదే ఉండిపోయింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఎంతసేపు మౌనంగా ఉన్నానో తెలియదు. ఒక నిమిషమా, పదా...

వాన చప్పుడు తగ్గినట్టయింది. తగ్గింది కాదు... దూరం జరిగినట్టు. హీటరు టిక్కు కూడా వినబడలేదు.

అప్పుడు నా ఎడమ భుజం మీద చెయ్యి పడింది.

బరువైన చెయ్యి. శాలువా లోంచి చల్లదనం చర్మానికి తగిలింది. బొటనవేలు మెడ పక్క ఎముక మీద ఆనింది. మామూలుగా తాకి తీసేస్తారు. ఈ చెయ్యి తీయలేదు. ఆనుకునే ఉంది. నామీద భారం వేసి నిలబడినట్టు.

నా తరువాత మూడు గంటలకు రావలసింది రత్నం గారు. బస్సు డ్రైవరు, రాజమండ్రి ఆయన. పాపం మోకాళ్ళ నొప్పులతో ఆనుకున్నాడేమో అనుకున్నాను. ఆమేన్ అన్నాను. చెయ్యి లేచింది. నేను లేచి, పద్ధతి ప్రకారం తల దించుకుని తిరిగాను.

పాదాలు కనిపించాయి. చెప్పులు లేని పాదాలు. వాటి మీదికి వేలాడుతున్న గుడ్డ అంచు... అంతే. తల ఎత్తలేదు. ఎత్తకూడదు కదా.

వెనక గొంతు వినిపించింది, ప్రార్థన మొదలుపెట్టినట్టు. నేను చెప్పులు తొడుక్కుని గొడుగు వేసుకుని నడిచాను.

మలుపు దాకా వచ్చాక కాళ్ళు ఆగిపోయాయి.

అప్పుడు తట్టింది, ఇందాక గుమ్మం దగ్గర నా చెప్పులు మాత్రమే ఉన్నాయి.

రత్నం గారి బూట్లు లేవు. రోడ్డు మీద ఆయన కారూ లేదు. అది రాత్రిపూట ఊళ్ళోవాళ్ళను లేపేంత రొద చేసే కారు. వచ్చిన చప్పుడే నాకు వినబడలేదు.

గబగబా ఇంటికి వెళ్ళాను. వంటింట్లో పొయ్యి మీద గడియారం... రెండు గంటల ఇరవై రెండు నిమిషాలు. ఇంటి ముందు గదిలో గోడ గడియారం చూశాను. అదీ అంతే.

నా గంటలో ఇంకా ముప్పావు భాగం ఉండగానే లేచి వచ్చేశాను. గొలుసు... ఇరవై మూడు రోజుల గొలుసు, నా చేతుల్లో తెగిందా?

పరుగెత్తాను. ఈ వయసులో పరుగేమిటి, కానీ పరుగెత్తాను. గొడుగు మరిచిపోయాను. హాలులో దీపం వెలుగుతోంది. లోపలికి వెళ్ళే ధైర్యం లేక పక్క కిటికీ దగ్గర నిలబడ్డాను. అద్దం మీద ఆవిరి. చేత్తో తుడిస్తే పోలేదు. ఆవిరి లోపలి వైపుంది.

చాప మీద ఎవరో మోకరించి ఉన్నారు. నాకు వీపు. తల మీదుగా ఏదో కప్పుకున్నారు. గళ్ళదో కాదో చెప్పలేను. మనిషి కొద్ది కొద్దిగా ముందుకూ వెనక్కూ ఊగుతోంది. గొంతు వినబడుతోంది. సన్నగా, ఆపకుండా... ఊపిరి తీసుకోవడానికి కూడా ఆపకుండా. మాటలు తెలుగు కాదు. నాకు ఇంగ్లీషు రాకపోయినా చెవికి తెలుస్తుంది, అది ఇంగ్లీషూ కాదు.

వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాను. బయటికి రావడానికి ఉన్నది ఆ ఒక్క దారే. వెనక తలుపుకు లోపల గడియ, దానికి అడ్డంగా కుర్చీల దొంతర. తడిసిపోతూ, వణుకుతూ అక్కడే ఉన్నాను. లోపల గొంతు అలా సాగుతూనే ఉంది. నా పెదవులు దేవా దేవా అంటున్నాయి.

ఎట్టకేలకు రత్నం గారి కారు రొద. మలుపు తిరిగి దీపాల వెలుతురు గోడ మీద పడింది.

గొంతు ఆగిపోయింది.

రత్నం గారు దిగి, నన్ను చూసి బిత్తరపోయాడు.

"వందనాలక్కయ్యగారూ... బయటున్నారేంటి? లోపల ఎవరున్నారు?"

"మీరే అనుకున్నాను తమ్ముడూ," అన్నాను. పళ్ళు కొట్టుకుంటున్నాయి.

ఆయన తలుపు తోశాడు. ఎవరూ లేరు. చాప, నా కాగితం, హీటరు. కుర్చీల దొంతర కదల్లేదు. వెనక గడియ వేసినట్టే ఉంది. ఆయన వంగి చాప మీద అరచెయ్యి పెట్టాడు.

"వెచ్చగా ఉందండి. హీటరు దగ్గరుంది కదా, అందుకే." తరువాత నవ్వించాలని చూశాడు. "నిద్రలో నడిచారేమోనండి. మా ఆవిడ ఇలాగే లేచి ఫ్రిజ్ దాకా వెళ్ళొచ్చి, తెల్లారి ఒప్పుకోదు."

జరిగింది చెప్పాను. ప్రార్థన ఏ భాషలో వినబడిందని అడిగాడు. చెప్పాను. ఇక నవ్వలేదు. పాస్టర్ గారికి చెప్పాలా అని నేనే అడిగాను. ఆయన మళ్ళీ చాపను తడిమి చూశాడు.

"మీరు బయట నిలబడ్డంతసేపూ లోపల ప్రార్థన జరిగిందంటున్నారు. జరిగితే తెగినట్టా, తెగనట్టా అక్కయ్యా? నాకు తెలీదు." అని, నా భుజం మీద చెయ్యి వేయబోయి, నేను వెనక్కి జరగడం చూసి ఆపేశాడు. మోకరించి ప్రార్థన మొదలుపెట్టాడు.

ఆ శనివారం సునీతను తీసుకుని పదిహేడో నంబరుకు వెళ్ళాను. పత్రం ఇవ్వడానికి అని చెప్పాను. ఒక భారీ మనిషి గుమ్మంలో బూట్ల బురద కడుగుతున్నాడు. ముసలామె కొడుకట. మర్యాదగా పలకరించాడు. ఆమె అదే కుర్చీలో, అదే దుప్పటిలో ఉంది. సునీత నర్సు కదా, ఆరోగ్యం గురించి అడిగింది. మూడేళ్ళుగా అడుగు వేయలేదని, ఇద్దరు పట్టుకుంటే గాని కుర్చీలోంచి లేవదని ఆయన చెప్పాడు.

రాత్రుళ్ళు ఆమె ప్రార్థన చేస్తుందేమో అడగమన్నాను. సునీత నన్ను వింతగా చూసి అడిగింది. రాత్రంతా ఏదో గొణుగుతూనే ఉంటుంది, మాకు అలవాటైపోయింది అన్నాడట.

నేను వంగి పత్రం ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె దాన్ని చూడలేదు. దుప్పటి లోంచి చెయ్యి తీసి నా ఎడమ భుజం మీద వేసింది.

అదే బరువు. బొటనవేలు అదే ఎముక మీద.

ఏదో అంది. కొడుకు నవ్వి ఇంగ్లీషులో చెప్పాడు. సునీత కూడా నవ్వింది.

"మధ్యలో ఎందుకు లేచి వెళ్ళిపోయావని అడుగుతోందటమ్మా."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. నా ముఖం చూసి కొడుకు కంగారుపడ్డాడు. పట్టించుకోవద్దు, మతిమరుపు, ఇంటికి వచ్చే నర్సుతో సహా అందరినీ ఇదే మాట అడుగుతుంది అని సునీతతో చెప్పాడు. అయి ఉండవచ్చు. ఆ మొదటి శనివారం పిలుస్తుంటే వెళ్ళిపోయానే, దాని గురించి అడిగిందేమో. అదీ అయి ఉండవచ్చు.

నలభయ్యో రోజున పాస్టర్ గారు లేచి, గొలుసు ఒక్క నిమిషం కూడా తెగలేదని ప్రకటించారు. అందరూ హల్లెలూయా అన్నారు. రత్నం గారు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నేనూ పాస్టర్ గారికి చెప్పలేదు.

ఆ రాత్రి లోపల ఎవరూ లేకపోతే, ఒక దేశం కోసం కట్టిన గొలుసును తెంపింది నేనే. ఎవరో ఉండి ఉంటే... మేము వచ్చి ప్రార్థించాలని చూసిన ఆ నేలలో మాకంటే ముందునుంచే ఎవరో మోకరించి ఉన్నారు. ఈ రెంటిలో ఏది నిజమైనా నాకు భయమే.

ఆ కాగితం ఇప్పటికీ నా బైబిల్లో ఉంది. అప్పుడప్పుడు తీసి, గోడకు వీపు ఆనించుకుని కూర్చుని, ఒక్కో నంబరుకూ ప్రార్థిస్తాను. పదకొండు... పదమూడు... పదిహేను...

పదిహేడు దగ్గర ఆగుతాను. ఆగి, వింటాను.