నాపరాళ్ళ మీద ఓనమాలు

యుద్ధం రోజుల్లో మాచర్లలో పసిపిల్లల బడి నడిపిన మిషను దొరసానమ్మగారు తొక్కుడుబిళ్ళతోనే చదువు చెప్పేవారు. గడికో అక్షరం రాసి, అది పలికితేనే గెంతనిచ్చేవారు. తప్పితే, "దేవుడికి తొందర లేదు, మళ్ళీ మొదలెట్టు" అని నవ్వేవారు.

నేనూ ఆ బడికే వెళ్ళేదాన్ని. ఒకనాడు ఆ గెంతులు చూసి మా నాన్న నన్ను ఇంటికి లాక్కొచ్చాడు.

"గెంతటానికి బడెందుకే? గొడ్లసావిట్లో గెంతు!"

ఇక నాకు చదువు లేదనుకుని ఏడ్చాను.

మర్నాడు సాయంత్రం ఆమే మా ఇంటికి వచ్చారు. నాన్నతో వాదించలేదు. మా వసారాలోని నాపరాళ్ళ మీద బొగ్గుతో రాయికో అక్షరం రాసి, గౌను ఎత్తిపట్టుకుని ఒంటికాలి మీద గెంతసాగారు. "ఇ" దగ్గర తూలితే నాన్నే చెయ్యి అందించాడు.

"ఏందమ్మగోరూ, ఈ వయసులో మీకీ తిప్పలు?"

"దేవుడికి తొందర లేదన్నా. మళ్ళీ మొదలెడతా."

నాన్న నవ్వు ఆపుకోలేక నా వైపు తిరిగాడు. "ఏమే, చూస్తావేంది? నువ్వు గెంతు. ఆయమ్మ పడుద్ది!"

బడికి మాత్రం మళ్ళీ పంపలేదు. ఆమే సాయంత్రాలు వచ్చి, ఆ వసారాలోనే నాకు చదువు చెప్పారు. అమ్మ ఆ బొగ్గురాతలు చెరక్కుండా ఊడ్చేది.

ఇప్పటికీ బైబిలు చదువుతూ ఏ కఠినమైన మాట దగ్గరో ఆగితే, నా మడమ దానంతటదే నేల విడుస్తుంది. ఆమెను ఇచ్చిన దేవుణ్ణి తలుచుకుని, ఆ వాక్యం మళ్ళీ మొదలుపెడతాను.