అన్న బొమ్మలు చిన్నవైన ఏడాది

నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. నలభై దాటాక బొమ్మలు నేర్చుకోవాలనిపించింది. ఒక వేసవిలో మా బడిలోనే పెద్దవాళ్లకు పది రోజుల డ్రాయింగ్ క్లాసులు పెడితే చేరాను. క్లాసులు అయిపోయాక ఎవరి దారిన వాళ్లు పోయారు. ముగ్గురం మాత్రం మిగిలాం: నేను, కోదాడలో టైలరింగ్ షాపు నడిపే ఒక అమ్మాయి, మిర్యాలగూడ రైసుమిల్లులో గుమాస్తాగా పనిచేసే ఒకాయన. ఆయనకు అరవై దగ్గర పడుతున్నాయి. ఒకప్పుడు దుకాణాల బోర్డులు చేత్తో రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయి మిల్లులో చేరాడు. నేను అన్నా అనేదాన్ని, కోదాడ అమ్మాయి అన్నయ్యా అనేది.

నెలకు రెండు ఆదివారాలు సూర్యాపేట బస్టాండులో కలిసేవాళ్లం. బస్సు కోసం నిలబడ్డవాళ్లను, మూటలు దించేవాళ్లను అర నిమిషంలో గీయాలి. ముక్కూ మొహం అక్కర్లేదు. బరువు ఏ కాలి మీద ఉంది, నడుము ఎటు వంగింది, అంతే. క్లాసులో దాన్ని జెశ్చర్ డ్రాయింగ్ అన్నారు. అన్న 'వాటం' అనేవాడు. ఇరవై బొమ్మలయ్యాక పుస్తకాలు మార్చుకుని, ఒకరి బొమ్మ కింద ఒకరం తారీఖు వేసి తప్పులు రాసేవాళ్లం. మొహమాటం వద్దని ముందే అనుకున్నాం.

నా మనుషులు కట్టెల్లా ఉండేవాళ్లు.

“చెల్లె, గీమె నిలబడ్డదా, నువ్వు పాతినవా?” అన్నాడు అన్న ఒకసారి. పిల్లను చంకనెత్తుకున్న ఒక తల్లి బొమ్మ అది. “సంకల పిల్ల ఉంటే నడుము ఒక దిక్కు పోతది. మల్ల సూడు.”

మళ్లీ చూసేసరికి ఆమె బస్సెక్కేసింది.

కోదాడ అమ్మాయిది బట్ట కొలిచే కన్ను. “అక్కా, మీరు చీరను గీస్తున్నారు. లోపల మోకాలు ఎక్కడుందో చూడండి,” అనేది. చూసేదాన్ని. అయినా చెయ్యి వినేది కాదు. ఏడాదిన్నర అలాగే గడిచింది.

అన్న బొమ్మల్లో తప్పు దొరికేది కాదు. బోర్డులు రాసిన చెయ్యి కదా, ఒక్క గీతతో పేజీ నిండిపోయేది. అలాంటిది ఒక వానాకాలం ఆయన బొమ్మలు చిన్నగా కనిపించాయి. 'చిన్నగా ఉంది, పేజీ అంతా వాడాలి' అని రాశాను. ఆయనలో తప్పు పట్టగలిగానని లోలోపల సంతోషం కూడా కలిగింది. తర్వాతి సారి ఇంకా చిన్నవయ్యాయి. 'భుజం నుంచి గీయండి' అని రాసింది కోదాడ అమ్మాయి.

“పెద్దగనే మొదలువెడుతున్న,” అన్నాడు అన్న. “పోంగ పోంగ గదే చిన్నగైతున్నది.”

ముగ్గురం నవ్వుకున్నాం. ఆయన పెద్ద పుస్తకం కొన్నాడు. అందులోనూ పేజీ మొదట్లో అరచేయంత ఉన్న మనిషి చివరికొచ్చేసరికి బొటనవేలంత అయ్యేవాడు. నెలలు గడిచినా మారలేదు. నాకు విసుగొచ్చి, బడిపిల్లల నోటుబుక్కుల్లో రాసినట్టే 'నిర్లక్ష్యం' అని రాశాను. ఆయన చదివి పేజీ తిప్పాడు. తర్వాతి బొమ్మ పళ్లు బిగబట్టి గీశాడు.

ఎండలు ముదరకముందే ఒక ఆదివారం వాడపల్లికి రమ్మన్నాడు. మూసీ కృష్ణలో కలిసే చోట స్నానాలు చేసేవాళ్లు ఉంటారు, గీయడానికి బాగుంటుందని. అన్న మాకంటే ముందు మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఆయన్నే గీశాను. కోదాడ అమ్మాయి నా పుస్తకంలోకి తొంగిచూసింది.

“కుడిచెయ్యి బిగుసుకుపోయింది అక్కా. తప్పు గీశారు,” అంది.

ఇద్దరం తలెత్తి చూశాం. అన్న ఎడమచెయ్యి నడకతో పాటు ఊగుతోంది. కుడిచెయ్యి ఒంటికి అతుక్కుని అలాగే ఉంది. నేను తప్పు గీయలేదు.

“అన్నా, చెయ్యి నొస్తున్నదా?” అని అడిగాను.

“నొప్పేం లేదు. జర బరువైతది. మిల్లుల కూసోని కూసోని గట్లయింది.”

దవాఖానలో చూపించుకునేదాకా ఇద్దరం వదల్లేదు. వదినను తీసుకుని హైదరాబాద్ పోయాడు. డాక్టర్ నడిపించి చూశాడు, ఒకే మాట పదిసార్లు రాయించాడు. పార్కిన్సన్స్ అన్నాడు. ఆ జబ్బులో రాత, గీత క్రమంగా చిన్నవైపోతాయట. అన్న సంచిలోంచి బొమ్మల పుస్తకం తీసి చూపించాడట.

“తారీఖులేసి చిన్నగున్నది, చిన్నగున్నది అని రాసినోళ్లెవరు అని అడిగిండు,” అని ఫోనులో చెప్పాడు. “మా చెల్లెళ్లని చెప్పిన. గప్పుడే వట్టుకున్నరే అన్నడు.”

నన్ను మెచ్చుకుంటున్నట్టే చెప్పాడు. “ముందుగాల తెలిస్తే తగ్గుతుండెనా అన్నా?” అని అడిగాను.

“తగ్గేది కాదంట. గప్పుడు తెలిసినా గివే గోలీలంట.”

ఆ మాటతో నా మనసు తేలిక పడలేదు. 'నిర్లక్ష్యం' అని నేను రాసిన పేజీని కూడా డాక్టర్ తిప్పే ఉంటాడు.

ఇప్పుడు అన్న సూర్యాపేట దాకా రాలేడు. మేమే మిర్యాలగూడ వెళ్తాం. పోయిన నెల వాళ్లింటి వరండాలో కూర్చుని గీశాం. వదిన బియ్యం చెరుగుతోంది, ముగ్గురం ఆమెనే గీశాం. అయిపోగానే అన్న తన పుస్తకం నా ఒళ్లో పెట్టాడు.

“రాయి చెల్లె.”

పేజీ మూలన చింతగింజంత బొమ్మ ఉంది. గీతలన్నీ ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. ఆ వంగిన వీపు, చేట ఎత్తిన చేతులు ఎక్కడైనా ఉన్నాయేమోనని వెతికాను. లేవు. అబద్ధం రాస్తే ఆయనకు తెలిసిపోతుంది. తారీఖు వేసి ఆగిపోయాను.

“తారీఖేసి ఊకున్నవేంది?”

“ఏం రాయాల్నో తెలుస్తలేదన్నా.”

“ఏదో ఒకటి రాయి. ఏం రాయకుంటే నన్ను లెక్కల్నుంచి తీసేసినట్టైతది.”

'చిన్నగా ఉంది' అని రాశాను. ఆయన చదివి తలూపాడు. తర్వాత నా పుస్తకం తీసుకుని, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, నా బొమ్మ కింద చాలాసేపు రాశాడు. రాసి నా మొహంలోకి చూశాడు. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. ఒక్కటీ పోల్చుకోలేకపోయాను. చదివి వినిపించమని అడగడానికి నోరు రాక, “సరే అన్నా, గట్లనే చేస్త,” అన్నాను.

మిర్యాలగూడ బస్టాండులో కోదాడ బస్సు కోసం నిలబడి, ఆ పేజీని ఆ అమ్మాయికి చూపించాను. వెలుతురుకు తిప్పి, దగ్గరగా పెట్టుకుని చూసింది. 'భుజం' అని ఉందేమో అంది. 'బరువు' అనిపించింది నాకు.

“రేపు ఫోన్ చేసి అడుగుదాం అక్కా,” అంది బస్సెక్కుతూ.

నెల దాటింది. ఆమె అడగలేదు, నేనూ అడగలేదు.