పేజీ మూతపడిన రోజు నీటి పరీక్ష

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నగరపాలిక నీటి విభాగంలో సబ్ ఇంజినీరుగా నన్ను కామాఠిపురాకు వేశారు. పైనున్న అసిస్టెంట్ ఇంజినీరు అనుమతి లేనిదే మా స్థాయివాళ్లు రోడ్డు తవ్వించలేరు. ఫోరస్ రోడ్ పక్కన, వలస వచ్చిన తెలుగువాళ్లుండే చాళ్లలో, అంటే వరస గదుల మేడల్లో, అప్పటికే కొళాయి నీళ్లు మురుగు వాసన వేస్తున్నాయి. పిల్లలు వాంతులతో ఆస్పత్రి పాలవుతున్నారు. నేను పంపిన నివేదికలకు జవాబు రాలేదు.

పైవాళ్లను కదిలించింది లావణ్య. ఆ చాళ్లలోనే పుట్టి పెరిగిన అమ్మాయి, ఒక బట్టల దుకాణంలో పనిచేసేది. నల్లటి నీళ్లు బిందెలో పడుతుండగా వీడియో తీసి, సామాజిక మాధ్యమంలో తాను నడిపే పేజీలో పెట్టింది. నగరమంతా చూసింది. కొద్దిరోజుల్లోనే నీటి పరీక్షకు, తవ్వకానికి అనుమతి వచ్చింది.

పరీక్ష పెద్ద కష్టమైనది కాదు. మంచి నీళ్లలో మందుచుక్క వేస్తే క్లోరిన్ వల్ల పసుపు రంగు తేలుతుంది. మురుగు కలిసిన చోటినుంచి ఆ రంగు రాదు. అయితే రంగు ఎక్కడ ఆగిందో తెలియాలంటే నీళ్లు వదిలినంతసేపూ ప్రతి చాళ్‌లో కొళాయిలు తెరిచి ఉండాలి. రోజూ తెల్లవారుజామున వచ్చే నీళ్లు పరీక్ష రోజున మధ్యాహ్నం వదులుతామని లావణ్యకు చెప్పాను. ఆమె పేజీలో రాసింది.

పరీక్షనాడు పొద్దున పేజీ మూతపడింది, నీళ్ల వేళ రాసిన పోస్టూ దానితోపాటే పోయింది. అందులో పెట్టిన జబ్బుపడ్డ పిల్లవాడి ఫొటో నిబంధనలకు విరుద్ధమని ఎవరో ఫిర్యాదు చేశారట. తెరిపించమని అడిగితే యంత్రం పంపే అచ్చు జవాబు తప్ప మనిషి పలకలేదు.

“అందరి నంబర్లు నా దగ్గర లెవ్వు మేడం. అంతా పేజీలనే ఉండె,” అంటూ మెట్లమీద కూలబడింది లావణ్య.

ఆమె నాయనమ్మ బాలమ్మ పాలమూరు నుంచి కట్టడం పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. “ఏడిస్తె నల్లలు ఇప్పుతరా? లే బిడ్డా. నువ్వు మెట్లెక్కి పై మాలా చూడు, నేను కింది ఖోలీల తలుపులు కొడుత,” అంది.

వాల్వు తిప్పే చావీవాలాను కాసేపు ఆగమన్నాను. అంతకుమించి నాకు అధికారం లేదు.

ఒక తల్లి తలుపు తీసి, “లైక్ గొట్టిన గని టైమ్ సదవలే అక్కా,” అని లావణ్యతో చెప్పి, తానూ పక్క చాళ్‌కు కబురు మోసింది. నీళ్లు వదిలేసరికి వరండాలన్నీ ఆడవాళ్లతో నిండాయి. మూడో చాళ్ దగ్గర పసుపు రంగు ఆగిపోయింది. తవ్వితే మురుగు కాలువ పక్కనే చిల్లులుపడిన గొట్టం బయటపడింది. మార్చాక పిల్లల వాంతులు తగ్గాయి.

తరువాత పేజీ తిరిగివచ్చింది. లావణ్య దాన్ని మానలేదు. కబురు చెప్పడానికి మాత్రం అంతస్తుకొక మనిషిని పెట్టుకుంది.

పేజీ లేకుంటే అనుమతి వచ్చేది కాదు. పేజీయే దిక్కనుకుని ఉంటే పరీక్ష జరిగేది కాదు. ఉద్యమం తన గోడు వినిపించడానికి పరాయివాళ్ల వేదిక ఎక్కవచ్చు. తనవాళ్లను పిలుచుకునే దారి మాత్రం తన చేతిలో ఉండాలి.