యాభై గజాల దగ్గర తెరుచుకున్న గుండు

లోర్నా హెగ్‌స్టాడ్ ముప్పై ఏళ్లు కోతమిల్లులో రంపాలకు పదును పెట్టింది. ఖాళీ తొడుగుల్లో మందూ గుండూ పెట్టి తూటాలు నింపడం ఆమెకు ఎవరూ నేర్పలేదు, చెడగొట్టి నేర్చుకుంది. ఏ తూటా నింపినా ముందు తడిసిన పాత పేపర్ల కట్టలోకి పేల్చి, గుండుని వెలికితీసి చూసేది. ముక్కు పుట్టగొడుగులా విచ్చుకుంటేనే మా లోయలో ఎవరికైనా ఇచ్చేది. విచ్చుకోని గుండు జంతువు ఒంట్లోంచి సూదిలా దూరి పోతుంది. ఆ జంతువు చావదు, బతకదు.

ఆ ఏడు ఆమె చెల్లెలి మొగుడు క్లింట్‌కి భుజం ఆపరేషన్ అయింది. పేల్చినప్పుడు రైఫిల్ భుజాన్ని తన్నే తన్ను తట్టుకోలేనంటే మందు తగ్గించి ఒక పెట్టె తూటాలు చేసిచ్చింది. గుండు మాత్రం పాత రకమే, గట్టిది.

నవంబరులో ఒక శనివారం, పొద్దున తొమ్మిదింటికి, క్లింట్ ట్రక్కు ఆమె షెడ్డు ముందు ఆగింది.

“ఎల్క్ దుప్పిని కొట్టాను వదినా. ముందుకాలి వెనకే తగిలింది. ఒకసారి జలదరించి, నడుచుకుంటూ చెట్లలోకి పోయింది.”

“నడుచుకుంటూనా?”

“చర్చికి ఇంకా బోలెడు టైముందన్నట్టు.”

“ఎంత దూరం?”

“రెండొందల యాభై గజాలు. నెత్తురు నాలుగు చుక్కలు.”

గాయపడ్డదాన్ని వెంటనే తరిమితే మైళ్లు పోతుంది. గంటైనా పడుకోనివ్వాలి. క్లింట్ కాఫీ పోసుకున్నాడు. లోర్నా కప్పు ముట్టలేదు. గడియారం చూసింది. తలుపు తీసి మబ్బు చూసింది. మధ్యాహ్నానికి మంచు పడేలా ఉంది. పడితే జాడ మూసుకుపోతుంది. మళ్లీ గడియారం చూసింది.

“కూర్చో వదినా. నువ్వు తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి.”

“నీ రైఫిలివ్వు.”

తొట్టిలో నానుతున్న పేపర్ల కట్టని తోపుడుబండిలో వేసుకుని కంచె చివరిదాకా వెళ్లింది. అక్కడికి సరిగ్గా రెండొందల యాభై గజాలు. దాన్ని మట్టిగట్టుకి ఆనించి, వెనక్కొచ్చి, అతని పెట్టెలోని తూటా ఒకటి పేల్చింది. గుండు కట్ట అడుగున ఆఖరి పేజీల్లో దొరికింది. ముక్కు కొత్తదానిలా మూసుకునే ఉంది.

“పోయిన వారం విచ్చుకుందన్నావుగా?” అన్నాడు క్లింట్.

“విచ్చుకుంది. యాభై గజాల దగ్గర. షెడ్డు పక్కన కదాని కట్ట అక్కడ పెట్టాను.” గుండుని అరచేతిలో అటూ ఇటూ తిప్పింది. “ఈ గట్టిది తెరుచుకోవాలంటే వేగంగా తగలాలి. మందు తగ్గించి కొంత వేగం నేనే తినేశాను. మిగతాది దూరం తినేసింది.”

“అంటే తప్పు నాది కాదన్నమాట.”

“నీది కాదు. ట్రక్కెక్కు.”

అడవిలో చుక్కకీ చుక్కకీ మధ్య ఇరవై అడుగులు. చుక్క దొరికిన చోట క్లింట్‌ని నిలబెట్టి, తను ముందుకు పోయి వెతికేది, వెనక్కొచ్చేది, మళ్లీ పోయేది. పదకొండున్నరకి మంచు మొదలైంది. ఆమె నడక ఇంకా పెరిగింది.

పైన్ చెట్ల గుబురు పక్కన ఎల్క్ పడుకుని ఉంది. తల ఎత్తే ఉంది. నూట ఇరవై గజాలుంటుంది. క్లింట్ రైఫిల్ ఎత్తాడు. లోర్నా గొట్టాన్ని కిందికి నొక్కింది.

“కనిపిస్తోందిగా,” అని గొణిగాడు.

“యాభై దగ్గర తెరుచుకోవడం నేను చూశాను. నూట ఇరవై దగ్గర చూడలేదు.”

“ఈలోగా లేచిపోతే?”

“గాలి మనవైపే వీస్తోంది, మన వాసన దానికి తగలదు. పాకు.”

“నా భుజం...”

“దానికి అంతకన్నా నొప్పిగా ఉంది.”

పాకారు. ఆమె మనసులో గజాలు లెక్కపెట్టుకుంటూ, యాభై రాగానే అతని చీలమండ పట్టుకుని ఆపింది. క్లింట్ పేల్చాడు. ఎల్క్ తల వాలింది, మళ్లీ లేవలేదు.

కోసి చూస్తే ఒంట్లో గుండ్లు చేసిన దారులు రెండున్నాయి. ఒకటి పెన్సిలంత, ఒకటి పిడికిలంత. లోర్నా చాలాసేపు మొదటిదాన్నే చూసింది.

“మిగిలిన తూటాలు ఇటివ్వు.”

“ఇప్పుడు బాగానే పనిచేసిందిగా వదినా.”

“ఇటివ్వు.”

ఆ వారమే పేపర్ల కట్ట పెట్టే చెక్క చట్రాన్ని కంచె చివరికి లాగి, నేలలో పాతింది. ఇప్పుడామెకు మోకాళ్ల నొప్పులు. మెత్తని గుండైనా, గట్టిదైనా, ప్రతిదానికీ అంత దూరం నడిచి వెళ్లి, తెచ్చుకుని చూస్తుంది. చట్రాన్ని దగ్గరికి జరుపుకోమని క్లింట్ ఇప్పటికీ అంటూనే ఉంటాడు.